150 మిల్లీసెకన్ల టక్ టక్: పాత కారు ఇంజిన్ శబ్దం వెతికిన డైరీ

ఈ శబ్దాన్ని విన్న ఇద్దరు అనుభవజ్ఞులు రెండు తీర్పులు చెప్పారు. ఒకరు ట్యాపెట్లు (వాల్వులను నొక్కే భాగాలు) అన్నారు. మరొకరు బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ కడ్డీ అడుగున ఉండే బేరింగ్) పోయింది, ఇంజిన్ దించాల్సిందే అన్నారు. రెండూ కావని తేల్చడానికి నాకు 36 గంటలకు పైగా పని పట్టింది. అందులో సుమారు 14 గంటలు నా పొరపాట్లకే పోయాయి. ఆ 14 గంటలు మరొకరికి మిగలాలని ఇది రాస్తున్నాను.

కారు వయసు 19 ఏళ్లు. 1.6 లీటర్ల పెట్రోలు ఇంజిన్, అడ్డంగా కూర్చుంటుంది. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, టైమింగ్ చైన్, మాన్యువల్ గేర్లు. మీటరు మీద 1,87,400 కి.మీ. ఒకటో సిలిండర్ బెల్టు వైపు, నాలుగోది గేర్‌బాక్స్ వైపు. ఈ చివరి వాక్యం గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

దశ 1: శబ్దం ఎప్పుడు వస్తోంది

ఏ బోల్టూ విప్పకముందు రెండు రోజులపాటు శబ్దాన్ని విని రాసుకున్నాను.

- చల్లటి ఇంజిన్, స్టార్టు చేయగానే: గట్టిగా, పొడిగా టక్ టక్.
- 7, 8 నిమిషాల తర్వాత: జోరు సగానికి తగ్గుతుంది, గొంతు బొంగురు పోతుంది.
- ఎత్తు ఎక్కేటప్పుడు: పెరుగుతుంది.
- క్లచ్ నొక్కితే: తేడా లేదు.
- ఏసీ వేస్తే: కాస్త బరువుగా వినిపిస్తుంది.

ఆయిలు మట్టం రెండు గుర్తుల మధ్యలో ఉంది. కారు మాన్యువల్ (సర్వీసు పుస్తకం) చెప్పిన 5డబ్ల్యూ-30 గ్రేడే, పోసి 4,000 కి.మీ. అయింది. చల్లటి ఇంజిన్ మీద వేడి కవచాలను గ్లవ్‌తో తట్టి చూశాను. ఒకటి గలగలలాడింది గానీ మనం వెతికే శబ్దం అది కాదు.

పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. తిరిగే బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి, వదులు బట్టలు వేసుకోకూడదు. ఇంజిన్ రెండు చివర్లలోనూ శబ్దం గట్టిగా ఉంది, మధ్యలో తక్కువ. లోహంలో శబ్దం ఎటైనా పాకుతుంది కదా అని ఆ సంగతిని పక్కన పెట్టేశాను. ఈ మొత్తం పనిలో నాకు దొరికిన మొదటి మంచి ఆధారం అదే, చేతికి వచ్చినదాన్ని వదిలేశాను.

గంటలు: 2. మొత్తం: 2.

దశ 2: తప్పు లెక్క, అనవసరంగా తీసిన బెల్టు

చెవి చోటును సరిగా చెప్పలేదు, కాలాన్ని మాత్రం కొలవవచ్చు. ఫోనులో శబ్దాన్ని రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ప్రతి టక్ ఒక శిఖరంలా కనిపిస్తుంది. రెండు శిఖరాల మధ్య దూరాన్ని మిల్లీసెకన్లలో చదువుకోవచ్చు. లెక్క సులువు:

1. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టుకు పట్టే మిల్లీసెకన్లు = 60,000 ÷ నిమిషానికి చుట్లు.
2. క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) అందులో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి దాని చుట్టుకు రెట్టింపు సమయం.
3. 800 చుట్ల ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కని) వేగం వద్ద క్రాంక్‌కు 75, క్యామ్‌కు 150.

నా రికార్డింగులో వచ్చిన దూరం 100. అది 75 కాదు, 150 కాదు. క్రాంక్ చుట్టుకు ఒకటీ మూడో వంతు రెట్లు. అంటే క్రాంక్ కంటే నెమ్మదిగా తిరిగేది, పెద్ద పుల్లీ ఉన్నది, బహుశా పవర్ స్టీరింగ్ పంపు అనుకున్నాను.

బెల్టు తీసి ఇంజిన్ నడిపాను. బెల్టు లేకుండా నీళ్ల పంపు కూడా తిరగని ఇంజిన్లలో ఒక నిమిషం దాటకూడదు. శబ్దం పోలేదు. కాస్త తగ్గినట్టు అనిపించింది. డైరీలో “కొంచెం తగ్గింది?” అని ప్రశ్న గుర్తుతో రాసి, కింద “బెల్టు భాగాలు కావు” అని తీర్పు రాసేశాను. ప్రశ్న గుర్తు ఉన్న చోట తీర్పు రాయకూడదు.

గంటలు: 3. మొత్తం: 5.

దశ 3: మళ్లీ రికార్డింగు, ఈసారి చుట్లు రాసుకుని

లెక్కలో తప్పు ఎక్కడుందో మర్నాడు తెలిసింది. చల్లటి ఇంజిన్ 800 వద్ద నడవదు, వేడెక్కేవరకు కారులోని కంప్యూటరే వేగం పెంచి ఉంచుతుంది. నేను రికార్డు చేసింది స్టార్టు చేసిన మొదటి నిమిషంలో. ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్ అంకెలను చదివే పరికరం) తగిలించి చూస్తే అప్పటి వేగం 1,200. అంటే క్రాంక్ చుట్టుకు 50, క్యామ్ చుట్టుకు 100. నా 100 కచ్చితంగా క్యామ్ వేగం. రెండు చుట్లకు ఒకసారి వచ్చే శబ్దం.

రికార్డింగుకు ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి:

1. కారు ఆరుబయట ఉండాలి. మూసిన చోట ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.
2. ఓబీడీ రీడర్ చూపే చుట్లను రికార్డింగు మొదట్లోనే గట్టిగా చదవాలి.
3. ఫోనును ప్రతిసారీ ఒకే చోట, ఫ్యానుకు దూరంగా పెట్టాలి.
4. 20 శిఖరాల మొత్తం దూరం కొలిచి 20తో భాగించాలి. ఒక్క దూరం కొలిస్తే పొరపాటు ఎక్కువ.
5. చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి, 1,500 చుట్ల వద్ద ఒకసారి.

వేడి ఇంజిన్, 800 వద్ద 150. చుట్లు 1,500కు పెంచితే 80. అన్నీ సరిపోయాయి. పెద్ద శిఖరాల మధ్య, సరిగ్గా సగంలో, ఒక చిన్న ముడి కూడా కనిపించింది. ప్రతిధ్వని అనుకున్నాను. అది కూడా తప్పే.

రెండు చుట్లకు ఒకసారి వచ్చేవాటిలో వాల్వుల వైపు శబ్దాలు మాత్రమే ఉండవు. ఒక సిలిండర్ మంట కూడా రెండు చుట్లకు ఒకసారే. కాబట్టి ఒకే సిలిండర్ దగ్గరి ఎగ్జాస్ట్ లీకు, పిస్టన్ తాకుడు, మంట బలంతో కొట్టే బేరింగ్ కూడా ఇదే లయలో రావచ్చు. ఈ లయ విన్నవారిలో చాలామంది నేరుగా ట్యాపెట్ల మీదికి వెళ్తారు. నేను కూడా వెళ్లాను, ఒక దశ తర్వాత.

గంటలు: 1.5. మొత్తం: 6.5.

దశ 4: సిలిండర్లను ఒక్కొక్కటిగా ఆపి చూడటం, ఆయిలు పీడనం

ఐడిల్‌లో ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం) కనెక్టర్‌ను తీసి విన్నాను. స్పార్క్‌ను ఆపకూడదు, ఇంజెక్టర్‌నే ఆపాలి. స్పార్క్ ఆపితే కాలని పెట్రోలు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది.

1, 2, 3: తేడా లేదు.
4: పొడి టక్ దాదాపు మాయం. అడుగున ఏదో మందకొడి మోత మిగిలింది.

ఇక్కడ నాకు భయం పట్టుకుంది. ఒక సిలిండర్‌ను ఆపగానే తగ్గే శబ్దం అంటే బిగ్ ఎండ్ బేరింగ్‌కు పాఠ్యపుస్తక లక్షణం. ఆ రాత్రి ఇంజిన్ దించే పనిముట్ల జాబితా కూడా రాసుకున్నాను. కానీ అరిగిన బేరింగ్ ఆయిలు పీడనంలోనూ, ఆయిలు ఫిల్టరులోనూ సాక్ష్యం వదలాలి. అవి చూడకుండా ఇంజిన్ దించకూడదని నిర్ణయించుకున్నాను.

పీడనం స్విచ్చి విప్పి అక్కడ యాంత్రిక గేజ్ పెట్టాను. మొదటి ప్రయత్నంలో అడాప్టర్ మూడు చుట్లు సాఫీగా ఎక్కి బిగుసుకుపోయింది, ఆయిలు కారింది. ఇంజిన్ మీది మర 1/8 బీఎస్‌పీ, అంగుళానికి 28 మరలు. నా అడాప్టర్ 1/8 ఎన్‌పీటీ, అంగుళానికి 27. చూపుకు ఒకటిగానే ఉంటాయి, బలవంతం చేస్తే అల్యూమినియం మర చెడిపోతుంది. సరైనది తెప్పించి మళ్లీ పెట్టాను.

20 నిమిషాలు నడిపిన వేడి ఇంజిన్ మీద కొలతలు:

800 చుట్లు: 1.5 బార్
2,000 చుట్లు: 3.1 బార్
3,000 చుట్లు: 4.0 బార్

ప్రతి 1,000 చుట్లకు కనీసం 0.7 బార్ ఉండాలన్నది మెకానిక్కులు వాడే పాత లెక్క. దానికంటే బాగా ఎక్కువే ఉంది.

తర్వాత ఫిల్టరును కోసి చూశాను. రంపంతోనో గ్రైండర్‌తోనో కోయకండి, ఆ రజను ఫిల్టరు కాగితం మీద పడి బేరింగ్ రజనులా కనిపిస్తుంది. డబ్బా మూత కోసే పద్ధతిలో పనిచేసే ఫిల్టరు కట్టర్ ఉంటుంది. కాగితం మడతలు విప్పి, ఆయిలు పిండి, ఎండలో పట్టుకుని చూశాను. అయస్కాంతం ఒక్కటే సరిపోదు: బేరింగుల్లో ఉండే అల్యూమినియం, తగరం, రాగి దానికి అంటుకోవు. మెరుపు కోసం కళ్లతోనే చూడాలి. ఎక్కడా మెరుపు లేదు.

బేరింగ్ కాదని ఇక్కడ నమ్మకం కుదిరింది. పనిముట్ల జాబితా చింపేశాను.

గంటలు: 4. మొత్తం: 10.5.

దశ 5: ట్యాపెట్లు, కంప్రెషన్, దారి తప్పించిన గీత

వాల్వు కవర్ తీసి ఫీలర్ గేజ్‌తో (సన్నటి రేకులతో సందు కొలిచే పనిముట్టు) వాల్వుల సందులు కొలిచాను. మొదటిసారి ఇంజిన్ ఇంకా గోరువెచ్చగా ఉండగా కొలిచి పనికిరాని అంకెలు రాసుకున్నాను. ఈ ఇంజిన్‌కు చల్లటి కొలతే ప్రమాణం. మర్నాడు ఉదయం మళ్లీ కొలిచాను: ఇన్‌టేక్ అన్నీ 0.19 నుంచి 0.22 మి.మీ. మధ్య, ఎగ్జాస్ట్ 0.28 నుంచి 0.32 మధ్య. అన్నీ మాన్యువల్ హద్దుల్లోనే. ట్యాపెట్లు కావు.

కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే పీడనం) కూడా చూశాను. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి: 12.6, 12.4, 12.5, 12.3 బార్. ఇంత వయసుకు ముచ్చటైన అంకెలు.

కవర్ ఎలాగూ తెరిచే ఉంది కదా అని టైమింగ్ గుర్తులు (క్రాంక్, క్యామ్ పొంతనగా తిరుగుతున్నాయో చూపేవి) చూశాను. క్రాంక్ పుల్లీ మీది గీతను సున్నాకు తెచ్చేసరికి క్యామ్ గుర్తులు కలవలేదు. క్యామ్ గుర్తులు కలిసే చోటికి తిప్పితే పుల్లీ గీత 22 మి.మీ. దూరంలో ఉంది. పుల్లీ చుట్టుకొలత 440 మి.మీ., అంటే ఒక డిగ్రీకి 1.22 మి.మీ., మొత్తం 18 డిగ్రీలు. క్రాంక్ మీది చైన్ చక్రానికి 20 పళ్లు. 360ని 20తో భాగిస్తే 18.

చైన్ సరిగ్గా ఒక పన్ను దాటిందన్న మాట. అంకె అంత చక్కగా కుదరడంతో ఇక వేరే ఆలోచనే రాలేదు. చైన్, టెన్షనర్, గైడ్‌ల సెట్ తెప్పించాను.

ఇది ఈ పనిలో అతి పెద్ద పొరపాటు. చైన్ పన్ను దాటితే నాలుగు సిలిండర్ల కంప్రెషనూ పడిపోవాలి. క్రాంక్, క్యామ్ సెన్సర్ల పొంతన తప్పిందని కంప్యూటర్ కోడ్ చూపాలి. నా దగ్గర 12.5 బార్ కంప్రెషన్ ఉంది, కోడ్ ఏదీ లేదు. ఒక గీత మాట నమ్మి, నా చేత్తో కొలిచిన నాలుగు అంకెలను పక్కకు నెట్టాను.

గంటలు: 6.5. మొత్తం: 17. అనవసరంగా కొన్నవి: చైన్ సెట్.

దశ 6: గీత నిజమా అని గీతనే అడగడం

టైమింగ్ కవర్ విప్పే ముందు రోజు కంప్రెషన్ కాగితం మళ్లీ కంటబడింది. పుల్లీ గీతే తప్పయితే? పిస్టన్ నిజంగా అన్నిటికంటే పైకి వచ్చే స్థానాన్ని, అంటే టీడీసీని, గీతతో పని లేకుండా కనుక్కోవాలి. ప్లగ్గు రంధ్రంలో పుల్ల పెట్టి చూస్తే చాలదు. పైకొస దగ్గర క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే కనిపించదు. ఆపు కడ్డీ పద్ధతి మేలు:

1. ప్లగ్గులన్నీ తీయాలి. ఒకటో సిలిండర్ రంధ్రంలో కొన గుండ్రంగా ఉన్న ఆపు కడ్డీ బిగించాలి. తెరిచి ఉన్న వాల్వులకు అది తగలకూడదు.
2. పుల్లీ చుట్టూ కాగితపు టేపు అంటించి, గీతను సున్నాగా పెట్టి మిల్లీమీటర్లు వేయాలి.
3. క్రాంక్ బోల్టును చేత్తో, నెమ్మదిగా, పిస్టన్ కడ్డీకి ఆనేవరకు తిప్పాలి. టేపు మీద గుర్తు పెట్టాలి.
4. వెనక్కి, మళ్లీ ఆనేవరకు తిప్పి, రెండో గుర్తు పెట్టాలి. వెనక్కి తిప్పవద్దని మాన్యువల్ చెప్పే ఇంజిన్లలో ఇది చేయకండి.
5. రెండు గుర్తుల నడిమి బిందువే టీడీసీ. స్టార్టర్‌ను మాత్రం పొరపాటున కూడా తాకకూడదు.

నా గుర్తులు గీతకు ఒకవైపు 39, మరోవైపు 83. మొత్తం 122, సగం 61. 83లోంచి 61 తీసేస్తే 22. నిజమైన టీడీసీ గీతకు 22 మి.మీ. దూరంలో ఉంది, సరిగ్గా క్యామ్ గుర్తులు చెప్పిన చోటే. చైన్ బాగానే ఉంది. పుల్లీ గీత అబద్ధం చెప్పింది.

అయితే గీత ఎందుకు తప్పింది? ఎవరో ఎప్పుడో వేరే ఇంజిన్ పుల్లీ వేసి ఉంటారని రాసుకుని ముందుకు సాగాను. చైన్ సెట్ పెట్టె విప్పకుండానే వెనక్కి పంపాను. గెలిచానన్న సంతోషంలో అసలు ప్రశ్నను మళ్లీ వదిలేశాను.

గంటలు: 2.5. మొత్తం: 19.5.

దశ 7: ఎగ్జాస్ట్ లీకు, విరిగిన స్టడ్

మిగిలిన అనుమానం నాలుగో సిలిండర్ దగ్గరి ఎగ్జాస్ట్ లీకు. ఓబీడీ రీడర్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూశాను: ఐడిల్‌లో +9 శాతం, 2,500 చుట్ల వద్ద +3. ఎగ్జాస్ట్‌లో ప్రతి ఊపు తర్వాత ఒక క్షణం పీడనం తగ్గుతుంది. అప్పుడు లీకులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందని నమ్ముతుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఇన్‌టేక్ వైపు లీకు ఉన్నా ఇలాంటి అంకెలే వస్తాయి కాబట్టి ముందు ఆ వైపు చూశాను, ఏమీ లేదు.

పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద, వేడి కవచం తీసి, సైలెన్సర్ గొట్టంలోకి వాక్యూమ్ క్లీనర్ ఊదే వైపు గొట్టాన్ని గుడ్డతో బిగించి గాలి ఊదాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒక గొట్టంలోకి చేర్చే భాగం) అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు పూశాను. నాలుగో సిలిండర్ కింది మూలలో బుడగలు బుసబుసా పొంగాయి. అద్దం పెట్టి చూస్తే మసి చార కనిపించింది. ఆ మూల ఉండాల్సిన స్టడ్ (మానిఫోల్డ్‌ను ఇంజిన్ హెడ్డుకు బిగించే మర కడ్డీ) విరిగి, తల ఎప్పుడో ఊడిపోయింది. విరిగిన ముక్క రంధ్రంలో 2 మి.మీ. లోపల ఉంది.

చల్లటప్పుడు గట్టిగా, వేడెక్కాక తక్కువగా ఎందుకో ఇప్పుడు తెలిసింది. వేడికి మానిఫోల్డ్ సాగి ఆ సందును కొంత మూస్తోంది. చివరి స్టడ్‌లే ఎందుకు విరుగుతాయో కూడా ఇదే చెబుతుంది: సాగుడంతా చివర్లలోనే ఎక్కువ.

విరిగిన ముక్కను తీయడం ఈ డైరీలో అతి కష్టమైన పని. తుప్పు వదిలించే నూనె రెండు రాత్రులు నానబెట్టాను. మిగతా స్టడ్‌లు వేడి చేస్తే వచ్చాయి. విరిగినదానికి 3 మి.మీ. డ్రిల్లుతో రంధ్రం మొదలుపెట్టాను. విరిగిన ముఖం వాలుగా ఉండటంతో కొన జారి మధ్య నుంచి 1 మి.మీ. పక్కకు పోయింది. అక్కడే ఆపాను. ఇంకా తొలిస్తే అల్యూమినియం హెడ్డు మర పోయేది. మొదలుపెట్టేటప్పుడే మానిఫోల్డ్‌ను తిరిగి పెట్టి, దాని రంధ్రంలో సరిపడే బుష్‌ను దూర్చి, దానిలోంచి డ్రిల్లు పంపి ఉంటే కొన జారేది కాదు.

చివరికి వెల్డింగు తెలిసిన మనిషి సాయం తీసుకున్నాను. ముక్క మీద వెల్డు పోసి పైకి తెచ్చి, దానికి నట్టును అతికించి తిప్పారు. ఉక్కు వెల్డు అల్యూమినియానికి అంటుకోదు, ఆ వేడికి తుప్పు కూడా వదులుతుంది. రెండుసార్లు నట్టు ఊడింది. మూడోసారి ముక్క కీచుమంటూ కదిలింది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన ఊరట మాటల్లో పెట్టలేను.

మానిఫోల్డ్ ముఖం మీద ఇనుప స్కేలు ఆనించి ఫీలర్ గేజ్ దూర్చాను: నాలుగో సిలిండర్ దగ్గర 0.35 మి.మీ. సందు. హద్దు 0.15. కొత్త గాస్కెట్టు ఆ వంపును సర్దుకుంటుందేమో అని వెల్డింగు చేసిన ఆయననే అడిగాను.

“ఇలాగే బిగిస్తే కొత్త స్టడ్ కూడా విరుగుతుందండీ. ముందు దీన్ని చదును చేయించండి,” అన్నారు.

ఆయన మాటే సరైనది. చదును చేయించాక సందు 0.05కు దిగింది. కొత్త స్టడ్‌లు, కొత్త గాస్కెట్టు. నట్లను మధ్య నుంచి చివర్లకు, 10, 16, 22 న్యూటన్ మీటర్లుగా మూడు విడతల్లో బిగించాను.

ఫ్యూయెల్ ట్రిమ్ +9 నుంచి +2కు వచ్చింది. పొడి టక్ పూర్తిగా పోయింది.

గంటలు: 11. మొత్తం: 30.5.

దశ 8: అడుగున దాగిన రెండో శబ్దం

ఇంజిన్ వేడెక్కాక ఇంకా ఒక బరువైన మోత ఉంది. ఇదివరకు “బొంగురు గొంతు” అని రాసుకున్నది ఇదే. రికార్డు చేశాను. 800 చుట్ల వద్ద 75 మిల్లీసెకన్లు. ప్రతి చుట్టుకు ఒకసారి. ప్రతిధ్వని అనుకున్న చిన్న ముడి ఇదే, ఎగ్జాస్ట్ శిఖరాల మధ్య దాక్కుని ఉంది.

ఏ సిలిండర్‌ను ఆపినా మార్పు లేదు. క్లచ్ నొక్కినా మార్పు లేదు. పీడనం బాగుంది, ఫిల్టరు శుభ్రం. అప్పుడు డైరీ మొదటి పేజీకి వెళ్లి వరుసగా చదివాను. రెండు చివర్లా గట్టిగా ఉంది. ఏసీ వేస్తే బరువెక్కుతుంది. బెల్టు తీస్తే “కొంచెం తగ్గింది?” పుల్లీ గీత 18 డిగ్రీలు తప్పు. నాలుగూ ఒకే భాగం వైపు చూపిస్తున్నాయి: క్రాంక్ పుల్లీ. గేర్‌బాక్స్ చివర నాలుగో సిలిండర్ లీకు, బెల్టు చివర ఈ పుల్లీ, అందుకే రెండు చివర్లా శబ్దం.

ఈ పుల్లీ ఒకే ముద్ద కాదు. లోపల హబ్బు, మధ్యలో రబ్బరు, బయట బరువైన రింగు. క్రాంక్ షాఫ్ట్ మెలిపడే కంపనాలను ఆ రబ్బరు, రింగు కలిసి మింగుతాయి. బెల్టు నడిచేది, గీత చెక్కినది బయటి రింగు మీదే. రబ్బరు పట్టు వదిలితే బెల్టు లాగుడుకు రింగు వెనక్కి జారుతుంది, గీత కూడా దానితోపాటే జారుతుంది. ఈ ఇంజిన్‌లో క్రాంక్ సెన్సర్ ఈ రింగును చదవదు, అందుకే కోడ్ రాలేదు. 18 అన్న అంకె చైన్ పన్నుకు సరిపోవడం ఉత్త కాకతాళీయం.

ఊహను నమ్మకుండా పరీక్ష పెట్టాను:

1. ఇంజిన్ ఆపి, హబ్బు, రబ్బరు, రింగు మూడింటి మీదుగా తెల్ల రంగుతో ఒక సన్నటి గీత గీశాను.
2. ఏసీ వేసుకుని 40 నిమిషాలు నడిపాను.
3. చల్లారాక చూశాను. రింగు మీది గీత 2 మి.మీ. వెనక్కి జరిగింది.

టీడీసీ నుంచి పుల్లీ గీత దూరం మళ్లీ కొలిస్తే, దశ 6లో 22 ఉన్నది ఇప్పుడు 27. డయల్ గేజ్‌తో రింగు ఊగుడు 1.9 మి.మీ.

మొదట తెప్పించిన కొత్త పుల్లీకి బెల్టు గాళ్లు ఐదు, నాదానికి ఆరు. పాతదాని గాళ్లు లెక్కపెట్టకుండా తెప్పించడం నా తప్పు. రెండోది సరిపోయింది. క్రాంక్ బోల్టును విప్పడానికి పుల్లీని పట్టి ఉంచే పనిముట్టు వాడాను. నా ఇంజిన్‌లో చైన్ చక్రం షాఫ్ట్ మీద జారకుండా పట్టే తాళపు ముక్క ఉంది. కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టు బిగువే చక్రాన్ని పట్టి ఉంచుతుంది, వాటిలో క్రాంక్, క్యామ్ షాఫ్ట్‌లు కదలకుండా బిగించకుండా బోల్టు వదులు చేస్తే వాల్వులు వంగుతాయి. మాన్యువల్ చూడకుండా ఈ బోల్టు ముట్టుకోకండి. కొత్త బోల్టు వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాను.

పాత పుల్లీని బల్ల మీద పెట్టి చూశాను. రబ్బరు ఒకవైపు పొడిగా రాలిపోయింది. దాదాపు మూడో వంతు చుట్టూ రింగు, హబ్బు ఒకదానికొకటి రాసుకుని అద్దంలా మెరుస్తున్నాయి. ప్రతి చుట్టుకు ఒకసారి కొట్టిన చోటు అదే. కొత్తదాని ఊగుడు 0.2 మి.మీ.

గంటలు: 5. మొత్తం: 35.5. అనవసరంగా తెప్పించినవి: చైన్ సెట్, ఐదు గాళ్ల పుల్లీ. రెండూ వెనక్కి వెళ్లాయి.

దశ 9: 1,000 కి.మీ. తర్వాత

మానిఫోల్డ్ నట్లను చల్లగా ఉన్నప్పుడు తనిఖీ చేశాను. చివరి రెండు కొద్దిగా కదిలాయి, మళ్లీ 22కు బిగించాను. కొత్త పుల్లీ మీద కూడా తెల్ల గీత గీసే ఉంచాను, అది వెంట్రుకంత కూడా జరగలేదు. టీడీసీ వద్ద పుల్లీ గీత సున్నా మీదే నిలిచింది. చల్లగా, వేడిగా రికార్డింగులు తీశాను. 150 లేదు, 75 లేదు. సన్నటి ఇంజెక్టర్ల చిటపట మాత్రం ఉంది. అది ఈ ఇంజిన్‌కు సహజం. ఫ్యూయెల్ ట్రిమ్ +2 దగ్గరే ఉంది.

గంటలు: 1. మొత్తం: 36.5.